మిరపకాయ ఎరుపుకి ఆర్‌జీబీ సాక్ష్యం చెల్లదు

"మనిషి కన్ను సబ్జెక్టివ్, కెమెరా ఆబ్జెక్టివ్." ఈ ముక్క మా ఆఫీసులో వినడం ఇది మూడోసారి. ఈసారి అన్నది మా టీమ్ మిత్రుడే, ఫోన్ ఫొటోతో మిర్చికి గ్రేడు చెప్పే ప్రోగ్రాం డెమో ఇస్తూ. పిక్సెళ్ళ ఎరుపు సగటు ఇంత దాటితే ఫస్టు, దాటకపోతే సెకండు. అందరూ చప్పట్లు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. గుంటూరు పక్క పల్లెలో మిరప కల్లాల మధ్య పెరిగినవాణ్ణి మరి!

ఫిబ్రవరిలో ఊరెళ్తూ ఆ ప్రోగ్రాం పట్టుకెళ్ళా. అదే రాశి, అదే ఫోను. మధ్యాహ్నం ఎండలో ఫస్టు. నీలం టార్పాలిన్ పట్టా కింద సెకండు. పొద్దుగూకే వేళ మళ్ళీ ఫస్టు. "ఏందిరా, పూటకో మాట చెప్తంది నీ ఫోను?" అన్నాడు నాన్న. ఆయనకి మూడు పూటలా అదే ఎరుపు.

ఎందుకంటే కాయ నుంచి వచ్చే వెలుగులో రెండు కలిసుంటాయి: కాయ రంగు, దాని మీద పడ్డ వెలుగు రంగు. సెన్సర్‌కి ఆ లబ్ధమే తెలుసు. కన్ను మాత్రం చుట్టూ ఉన్న గోనెసంచి, మట్టి, తెల్ల పంచెతో పోల్చి వెలుగు వాటాని చాలావరకు తీసేస్తుంది. ఎడ్విన్ లాండ్ 1970లలోనే రంగుకాగితాల పలకలతో ఇది చూపించాడు. ఇక ఆటో వైట్ బ్యాలెన్స్ అంటారా? అందులో తేలికపాటి పద్ధతి, దృశ్యం మొత్తం సగటున బూడిదరంగు అని నమ్ముతుంది. ఫ్రేమ్ నిండా మిరపకాయలే ఉంటే? వెలుగే ఎర్రగా ఉందనుకుని, కాయ ఎరుపునే కోసేస్తుంది. మిర్చి యార్డులో పెట్టాల్సిన పద్ధతేనా ఇది?

కన్ను దేవుడని అనట్లేదు. 2015లో ఒక్క గౌను ఫొటో చూసి సగం ప్రపంచం నీలం-నలుపు అంటే, మిగతా సగం తెలుపు-బంగారం అని కొట్టుకుంది. పసుపు సోడియం దీపం కింద ఎరుపుని ఎవరూ సరిగ్గా చెప్పలేరు. కానీ రైతుకి అనుమానమొస్తే గుప్పెడు కాయలు ఎండలోకి తెచ్చి చూస్తాడు. మీ ప్రోగ్రాంకి అనుమానమే రాదు.

మెషీన్లు వద్దనీ కాదు. మిర్చికి ఆస్టా విలువ కట్టేటప్పుడు రంగుని అసిటోన్‌లోకి తీసి 460 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. పత్తి తెలుపు, పసుపు కొలిచే హెచ్‌వీఐ యంత్రంలో దాని దీపం దానికే ఉంటుంది. రెండిట్లోనూ వెలుగు వాళ్ళ చేతిలోనే ఉంది. మీ దగ్గర కనీసం ఫొటోలో పక్కనపెట్టే బూడిదరంగు కార్డు కూడా లేదే!

గ్రేడు ఒక మెట్టు దిగితే క్వింటాకి తగ్గేది రైతు డబ్బు, మీ యాక్యురసీ శాతం కాదు.

ఇదంతా మా మిత్రుడికి చెప్పా. "వెర్షన్ 2లో చూద్దాంలే" అన్నాడు. వెర్షన్ 1 ఎవరి టిక్కీల మీద నడుస్తుందో అడిగితే, ఇంకా జవాబు రాలేదు.