చేతి ఎముకలు ఎంతవరకు చెప్పగలవు?

2024 జూలై 30న కేరళలోని వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడి ముండక్కై, చూరల్‌మల గ్రామాలు కొట్టుకుపోయిన సంగతి పాఠకులు మరచిపోయి ఉండరు. చాలామంది దేహాలు పూర్తిగా దొరకలేదు. చలియార్ నది వాటిని మలప్పురం జిల్లా నిలంబూరు వరకు మోసుకుపోయింది. అక్కడ ఒడ్డున దొరికినవాటిలో విడి కాళ్లు, చేతులు ఎన్నో. గుర్తు తెలియని వారిని పుత్తుమలలో సర్వమత ప్రార్థనల మధ్య భూస్థాపన చేసి, పేర్లకు బదులు నంబర్లు వేశారు. ఒక చెయ్యి మాత్రమే ఉన్న సమాధి దగ్గర నిలబడిన సేవకుడు "ఈ సహోదరుడు" అనాలా, "ఈ సహోదరి" అనాలా?

ఎముకలు చూసి చెప్పలేరా అని కొందరు అడుగుతారు. కటి ఎముకలు దొరికితే నిపుణులు చాలా నమ్మకంగా చెబుతారు, ఎందుకంటే స్త్రీ కటి నిర్మాణమే వేరు. చేతిలో అలాంటి గుర్తు లేదు. ఒక్కో చేతిలో 27 ఎముకలుంటాయి: మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14. స్త్రీ పురుషుల మధ్య వీటిలో కనిపించే తేడా ముఖ్యంగా పరిమాణంలోదే. అందుకే అరచేతి ఎముకల పొడవు, చివర్ల వెడల్పు మిల్లీమీటర్లలో కొలిచి, ముందుగా స్త్రీలని, పురుషులని తెలిసినవారి కొలతలతో కట్టిన సూత్రంలో వేసి చూస్తారు. వచ్చేది అంచనా. చాలా అధ్యయనాల్లో అది 100కి 80 నుంచి 90 సార్లు సరిపోయింది. అంటే పది చేతుల్లో ఒకటో రెండో తప్పు.

ఐరోపా వారి ఎముకలపై కట్టిన సూత్రాన్ని మన సన్నపాటి కూలీ చేతికి వాడితే, అతడు స్త్రీల లెక్కలో పడవచ్చు. యవ్వనం రాని పిల్లల చేతుల విషయంలోనైతే ఈ పద్ధతి దాదాపు పనికిరాదు. (చర్మం, గోళ్లు పోయిన ఎలుగుబంటి పంజాను మనిషి చెయ్యి అనుకుని పోలీసులకు అప్పగించే సందర్భాలు కూడా ఉన్నాయి.) అయినా ఈ కొలతలు వృథా కావు. కలిసిపోయిన అవశేషాలను వేరు చేయడానికి, ఎముక బాగా పాడై డీఎన్ఏ దొరకనప్పుడు దారి చూపడానికి ఇవి అవసరం.

మా అభ్యంతరం వార్తల తొందరపాటు మీద. ఒక చెయ్యి దొరికిన గంటకే "మహిళ చెయ్యి లభ్యం" అని టీవీ తెరపై పరుగెడితే, కూతురు కనబడని తల్లి పరిస్థితి ఏమిటి? ఆ అంచనాలో నమ్మకం ఎంతో అధికారులు చెప్పాలి. దాన్ని బట్టే అవశేషాలను ఎవరికీ అప్పగించకూడదు. మన దేశంలోని వివిధ ప్రాంతాల వారి కొలతలు ఇంకా విస్తారంగా సేకరించాలి.

సంఘాలకూ పని ఉంది. రక్త నమూనా ఇస్తే మరణాన్ని ఒప్పుకున్నట్టేనని కొన్ని కుటుంబాలు వెనుకాడతాయి. కాపరులు వారి పక్కన కూర్చోవాలి, అవసరమైతే ఆసుపత్రి దాకా తోడు వెళ్లాలి. మన సమాధుల తోటల్లో గుర్తు తెలియని వారిని భూస్థాపన చేసినప్పుడు పోలీసులు ఇచ్చిన నంబరు, తేదీ, సమాధి స్థలం సంఘ రిజిస్టరులో రాసి ఉంచండి. పుత్తుమలలో డీఎన్ఏ ఫలితాలు వచ్చాక తమవారిని వెతుక్కుంటూ కుటుంబాలు వెళ్లింది ఆ నంబర్ల దగ్గరికే.