పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట

మేధోవైకల్యముగల బిడ్డకు బడిలో చోటు సంపాదించుట నేడు పూర్వమంత దుర్లభము కాదు. అసలు చిక్కు బడి విడిచిన మరునాడు ఎదురగుచున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 6వ ఏట మొదలు 18వ ఏటి వరకు ఉచిత విద్యకు హామీ ఇచ్చినది. ఆ యేడు నిండగానే తోటివారు కళాశాలకో, కొలువునకో పోవుదురు. ఈ బిడ్డ ఇంటి అరుగు మీదికి వచ్చును. వేళకు సిద్ధమగుట, వరుసలో నిలుచుట, తిన్న పళ్లెము కడుగుట మొదలుగా ఏండ్ల తరబడి నేర్చినవి వాడుక లేక ఒక్కొక్కటిగా జారిపోవును. తల్లిదండ్రుల వయస్సు మాత్రము పెరుగుచునే యుండును.

చట్టము ఉద్యోగముల మాట మరువలేదు. 1995 నాటి చట్టమున ప్రభుత్వోద్యోగములలో వికలాంగులకు కేటాయించిన నూటికి 3 కొలువులలో మేధోవైకల్యమునకు భాగమే లేదు. 2016 చట్టము ఆ సంఖ్యను 4 చేసి, అందొకటి ఆటిజము, మేధోవైకల్యము, నిర్దిష్ట అభ్యసన వైకల్యము, మానసిక రుగ్మత, బహుళ వైకల్యము గలవారికి ఉమ్మడిగా ఉంచినది. ఉమ్మడి ఆస్తిలో బలహీనుని వాటా ఏపాటిదో తెలుగు ఇండ్లలో తెలియనిది కాదు. వాకిట వ్రాతపరీక్ష నిలిచియుండగా, ప్రశ్నను చదివి గ్రహించుటయే కష్టమైనవాడు ఆ కొలువు నెట్లందుకొనగలడు?

అట్లని అతడు పనికి చాలడనుట పొరపాటు. అమెరికాలో మార్క్ గోల్డ్ అను పరిశోధకుడు, ఏ పనికీ కొరగారని లోకము తీర్మానించిన యువకులచేత 15 భాగముల సైకిలు బ్రేకును బిగింపజేసి, ఆ వివరములను 1972లో ప్రకటించినాడు. పనిని చిన్న చిన్న మెట్లుగా విడదీసి, మాటలు తగ్గించి, చేతితో చూపి నేర్పుట అతని మార్గము. విద్యార్థి నేర్వలేకపోయినచో లోపమును నేర్పు పద్ధతిలో వెదకవలెనని అతని వాదము.

మన ప్రత్యేక పాఠశాలలలో వృత్తివిద్య యనగా తరచు కొవ్వొత్తులు, కాగితపు సంచులు, దీపావళి ప్రమిదలు. వాటిని కొనువారు దయతో కొందురు. దయ మీద నెలజీతము నిలువదు. పైగా, బడిలో నేర్చిన తూకము దుకాణములో గుర్తురాకపోవచ్చును. చోటు మారినచో ఈ పిల్లలకు పని కూడ క్రొత్తదే యగును. కావున కిరాణా కొట్టులో పొట్లము కట్టుట కొట్టులోనే, మొక్కల సంచులు నింపుట నర్సరీలోనే నేర్పవలెను. 18 నిండువరకు ఆగక, 15వ ఏటనే వారమునకు ఒకటి రెండు పూటలు అక్కడ గడపవలెను. ఉపాధ్యాయుడు మొదట ప్రక్కనే నిలిచి, క్రమముగా దూరము జరుగవలెను. బస్సెక్కుట, చిల్లర లెక్కించుట, దారి తప్పినచో ఎవరినడుగవలెనో తెలియుట కూడ అందులోని పాఠములే.

ఇందుకు ముందుగా ఎవరో ఒకరు కొట్టు యజమానిని కలిసి మాట్లాడవలెను. ఉపాధ్యాయుని టైంటేబిలులో అట్టి గంట అరుదు.