ఓడ మన కోసం ఆగుతుందా?

వేసవి దగ్గరపడే రోజుల్లో మా ఇంటి వరండాకు వచ్చేవారి తీరు కొంత మారుతుంది. విదేశాల్లో స్థిరపడిన పిల్లల వద్దకు ప్రయాణమవుతున్న తల్లిదండ్రులు మందుల చీటీలు చేతబట్టుకొని సలహా కోసం వస్తారు. పదవీ విరమణ చేసిన వైద్యుడికి మిగిలిన వృత్తిధర్మం ఇంతే కదా. ఈ మధ్య ఉదయగిరి దగ్గరి పల్లె నుండి ఒక వృద్ధ దంపతులు ఆత్మకూరులోని మా ఇంటికి వచ్చారు. ఆయనకు డెబ్బై దాటాయి, ఇరవై ఏళ్ళుగా మధుమేహం ఉంది. ఆమెకు రక్తపోటు, రెండు మోకాళ్ళలోనూ నొప్పి. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న కుమారుడు వారిని సియాటిల్ రేవులో ఓడ ఎక్కించి అలాస్కా తీరం చూపించాలని సంకల్పించాడు.

ఓడ ఆగే ప్రతి ఊళ్ళోనూ దిగి చూడటానికి రెండు మార్గాలున్నాయని ఆ అబ్బాయి ఫోనులో తెలిపాడట. ఓడ సంస్థ అమ్మే టూరు ఒకటి. రేవు బయట మనమే కారో, గైడునో మాట్లాడుకోవడం మరొకటి. "ఓడవాళ్ళది ధర ఎక్కువంట డాక్టరుగారూ. బయట మాట్లాడుకుంటే ఇంటిల్లిపాదికీ ఒక కారు వస్తుందంట. ఏది మంచిదో మీరే చెప్పండి" అని పెద్దాయన అడిగారు. ఆయన మాట ముగిసేదాకా ఆగి ఆమె ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "మనం రావడం ఆలస్యమైతే ఓడ మన కోసం ఆగుతుందా సార్?"

ఇది వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్నేనా అని పాఠకులకు అనిపించవచ్చు. నా దృష్టిలో ఇది ముమ్మాటికీ ఆరోగ్య ప్రశ్న. ఆమె అడిగినదే అసలు ప్రశ్న కూడా.

మన ప్రాంతం వారికి యాత్ర అంటే బస్సు యాత్రే. వంటవాళ్ళు, గ్యాసు పొయ్యి, బియ్యం మూటలతో సహా బయలుదేరే కాశీ, రామేశ్వరం బస్సులు మనకు కొత్త కావు. సుమారు ఇరవై ఏళ్ళ క్రితం నేను కూడా అటువంటి బస్సులో కాశీ వెళ్ళాను. నాగపూరు దాటిన తరువాత ఒక పెద్దామె సీటులోనే సొమ్మసిల్లింది. నాలుక ఎండిపోయి ఉంది, నాడి వేగంగా కొట్టుకుంటోంది. విచారిస్తే, తెల్లవారినప్పటి నుండి ఆమె గుక్కెడు నీళ్ళు కూడా తాగలేదు. "మగవాళ్ళు ఎక్కడైనా దిగుతారు, మాకు చోటేది నాయనా?" అన్నది. దారిలోని ఒక చిన్న ఆసుపత్రిలో సెలైను ఎక్కించి, వంటాయన కాచిన గంజి తాగించేసరికి పూట గడిచింది. ఆ పూటంతా నలభై మందికి పైగా ప్రయాణికులు వేపచెట్టు కింద కూర్చొని ఆమె కోసం ఎదురుచూశారు. ఒక్కరూ విసుక్కోలేదు. బయలుదేరే ముందు బస్సు యజమాని తలలు లెక్కపెట్టి, లెక్క సరిపోయాకనే బండి కదిలించాడు.

ఓడలో కూడా లెక్క ఉంటుంది. దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు మన కార్డును యంత్రం చదువుతుంది. ఎవరు తిరిగి రాలేదో వారికి నిమిషాల్లో తెలుస్తుంది. అయితే లెక్క తెలియడం వేరు, మన కోసం ఆగడం వేరు. రేవులో నిలిపిన ప్రతి గంటకూ రుసుము ఉంటుంది, సముద్రపు ఆటుపోటులు చూసుకోవాలి, మరుసటి రేవులో కేటాయించిన సమయానికి చేరుకోవాలి. వేల మంది ప్రయాణికులున్న ఓడను ఇద్దరు ముగ్గురి కోసం నిలపడం అరుదు. ఓడ సంస్థ అమ్మిన టూరులో వెళ్ళినవారి విషయంలో మాత్రం పద్ధతి వేరు. ఆ బస్సు ఆలస్యమైతే ఓడను ఆపడమో, ఆ ప్రయాణికులను తమ ఖర్చుతో తరువాతి రేవుకు చేర్చడమో చేస్తామని చాలా సంస్థలు మాట ఇస్తాయి. మనం చెల్లించే అధిక ధరలో ఈ మాటకు కూడా కొంత వెల ఉంది.

ఈ తేడా ఎంతటిదో 2024 మార్చిలో లోకానికి తెలిసింది. ఆఫ్రికా పడమటి తీరాన ఉన్న సావో టోమే ద్వీపంలో ఎనిమిది మంది ప్రయాణికులు సొంతంగా కుదుర్చుకున్న టూరుకు వెళ్ళి ఆలస్యంగా తిరిగి వచ్చారు. ఓడ ఇంకా కనుచూపు మేరలోనే లంగరు వేసి ఉన్నా వారిని ఎక్కించుకోలేదు. వారిలో వృద్ధులున్నారు, ఒక గర్భిణి కూడా ఉంది. అవసరమైన మందులు లేకుండా ఒడ్డున మిగిలినవారూ ఉన్నారని అప్పటి వార్తలు తెలిపాయి. దేశాలు దాటుకుంటూ వెళ్ళి, చివరకు సెనెగల్ రాజధాని డకార్‌లో వారు ఓడను అందుకోగలిగారు. దాదాపు వారం రోజులు గడిచిపోయాయి. ఇన్సులిన్ ఓడలోని క్యాబిన్‌లో ఉండి మనిషి ఒడ్డున మిగిలిపోతే వారం రోజులు ఎలా గడుస్తాయో మధుమేహ రోగుల కుటుంబాలకు నేను వివరించనక్కరలేదు.

అలాగని ఓడవారి టూరు కొంటే ఇక భయం లేదనుకోవడం కూడా పొరపాటే. 2019 డిసెంబరు 9న న్యూజిలాండ్‌లోని వైట్ ఐలాండ్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఆ ద్వీపంపై 47 మంది ఉన్నారు. వారిలో 38 మంది ఒక విహార నౌక నుండి టూరుకు వచ్చినవారే. మొత్తం 22 మంది మరణించారు. ఆ పర్వతంలో అలజడి పెరిగిందని మూడు వారాల ముందే హెచ్చరిక స్థాయిని పెంచారు. అయినా యాత్రలు ఆగలేదు. 2006 మార్చిలో చిలీ దేశంలోని అరికా రేవు దగ్గర సొంతంగా బస్సు మాట్లాడుకొని వెళ్ళిన 12 మంది అమెరికా ప్రయాణికులు లోయలో పడి ప్రాణాలు కోల్పోయారు. ఈ రెండు దుర్ఘటనల్లో ఒకటి ఓడ సంస్థ అమ్మిన టూరు, మరొకటి విడిగా కుదుర్చుకున్నది. టూరు నడిపేవారు తమ ఉద్యోగులు కారని, స్వతంత్ర కాంట్రాక్టర్లని, వారి తప్పులకు తమ బాధ్యత లేదని ఓడ సంస్థలు టికెట్టు నిబంధనల్లోనే రాసుకుంటాయి. కాబట్టి ఓడవారి టూరు మనకు ఇచ్చేది తిరిగి ఓడ ఎక్కే భరోసా. దారిలో క్షేమం గురించి విచారించుకోవలసింది మనమే.

ఇక వైద్యుడిగా నాకు కనిపించే మరో కోణం ఉంది. ఓడవారి టూరు అంటే చాలాసార్లు నిండు బస్సు. అది గుంపు వేగంతో నడుస్తుంది. గైడు జెండా పట్టుకొని ముందు వెళుతుంటే మోకాళ్ళ నొప్పి ఉన్నవారు కూడా పరుగు వంటి నడక నడవాలి. మన మెట్ట మండలాల పెద్దల మోకాళ్ళ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. భూగర్భ జలంలోని ఫ్లోరైడ్ వలన ఎముకలు బిగుసుకుపోయే వ్యాధిని 1937లో షార్ట్, ఆయన సహచరులు వైద్య ప్రపంచం దృష్టికి తెచ్చింది నాటి నెల్లూరు జిల్లా పల్లెల నుండే. ఆ నీరు దశాబ్దాల పాటు తాగినవారిలో కొందరికి వెన్ను వంగదు, మోకాలు మడవదు. కొన్ని రేవుల్లో ఓడ ఒడ్డుకు రాదు. చిన్న పడవలోకి దిగి వెళ్ళాలి. అలల మీద ఊగే పడవలోకి అడుగు వేయడం అటువంటివారికి చిన్న విషయం కాదు.

సొంత కారులో ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. కావలసిన చోట ఆపవచ్చు, మూత్రశాల వెతుక్కోవచ్చు, అలసట అనిపిస్తే వెనుదిరగవచ్చు. కాశీ బస్సులోని ఆ పెద్దామెకు కావలసింది సరిగ్గా ఇదే. దారిలో మూత్రశాల ఉండదన్న భయంతో నీళ్ళు మానేయడం, రక్తపోటుకో గుండెకో వాడే నీటిమాత్రను ఆ రోజు మింగకపోవడం మన స్త్రీలలో సర్వసాధారణం. ఇంటి నుండి వెయ్యి మైళ్ళ దూరాన ఈ అలవాటు ప్రమాదకరం. నీటిమాత్రను ఆ రోజు ఏ వేళకు మార్చుకోవచ్చో బయలుదేరే ముందే మీ వైద్యుణ్ణి అడగండి. మీ అంతట మీరు మానవద్దు.

ఈ రెండు వైపులా తూచి చూసిన మీదట నా అభిప్రాయం ఇది. దీర్ఘవ్యాధులున్న పెద్దలతో వెళ్ళేటప్పుడు రేవుకు దూరమైన చోటికి, ఒకే దారి ఉన్న చోటికి, దేశ సరిహద్దు దాటే చోటికి ఓడవారి టూరే కొనాలి. రేవు ఊరి లోపలా, దాని పొలిమేరల్లోనూ తిరగడానికి సొంత బండి మాట్లాడుకోవాలి. ధరను ఆ తరువాతే చూడాలి.

ఆ దంపతులకు అలాస్కా విషయంలో ఇలాగే విడమరచి చెప్పాను. జూనోలో మెండెన్‌హాల్ హిమనదం రేవు నుండి సుమారు ఇరవై కిలోమీటర్లే. కారులో వెళ్ళి, కాసేపు కూర్చొని చూసి, నిదానంగా తిరిగి రావచ్చు. అయితే జూనోకు బయటి ఊళ్ళ నుండి రోడ్డు లేదు. ఓడ తప్పిపోతే విమానమో, మరో పడవో దిక్కు. అందువల్ల ఓడ ఎక్కవలసిన సమయానికి రెండు గంటల ముందే రేవులో ఉండాలి. స్కాగ్‌వేలో బంగారు వేట కాలంలో, 1898లో మొదలుపెట్టి 1900లో పూర్తిచేసిన కొండ రైలు ఉంది. అక్కడ ఓడవారి టికెట్టే మేలు. ఆ కొండల మీదుగా కెనడాలోకి వెళ్ళే యాత్రలూ ఉన్నాయి. వాటికి పాస్‌పోర్టు వెంట ఉండాలి, భారత పౌరులకు కెనడా వీసా కూడా కావాలి. ఈ సంగతి రేవులో దిగాక తెలిస్తే లాభం లేదు.

అమెరికా దాకా వెళ్ళనివారికి కూడా ఇది అక్కరకు వచ్చే విషయమే. 2023 జూన్‌లో చెన్నై రేవు నుండి శ్రీలంకకు విహార నౌక బయలుదేరింది. మన జిల్లా వారికి ఇంతకన్నా దగ్గరి ఓడ ప్రయాణం లేదు. ట్రింకోమలీలో కోణేశ్వరాలయం ఊళ్ళోనే ఉంది, ఆటోలో వెళ్ళి రావచ్చు. హంబన్‌తోటలో దిగి లోపలి ప్రాంతంలోని కతరగామ క్షేత్రానికి వెళ్ళాలంటే మాత్రం ఓడవారి బస్సు ఉంటే దానినే ఎంచుకోండి.

ఏ మార్గంలో వెళ్ళినా ఒడ్డుకు దిగేటప్పుడు ఒక చిన్న సంచి పెద్దల భుజాన ఉండాలి, పిల్లల చేతిలో కాదు. మూడు రోజులకు సరిపడే మందులు, వాటి రసాయన నామాలు రాసిన చీటీ, పాస్‌పోర్టు నకలు, ఓడ పేరు, ఆ రేవులో ఓడ ఏజెంటు ఫోను నంబరు అందులో ఉండాలి. ఈ నంబరు ఓడలో రోజూ ఇచ్చే కార్యక్రమ పత్రంలో సాధారణంగా దొరుకుతుంది. ఇన్సులిన్ వాడేవారు దానిని ఎండ తగిలే కారులో వదలకూడదు. ముప్పై డిగ్రీలు మించిన వేడికి అది పాడవుతుంది. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వేసుకున్నవారు భోజనం ఆలస్యం చేయరాదు. చెమట, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. ఓడ ఊగినప్పుడు వాంతులు రాకుండా వేసుకునే మాత్రలు పెద్దలకు మత్తు కలిగిస్తాయి, ప్రోస్టేట్ ఉబ్బిన పురుషులకు మూత్రం బిగబట్టేలా చేస్తాయి. వాటిని మింగిన పూట మెట్లు ఎక్కే టూరు వద్దు. చివరిగా గడియారం సంగతి. ఓడ గడియారం ఒక్కోసారి ఊరి గడియారంతో సరిపోదు, సెల్‌ఫోను ఊరి సమయానికి మారిపోతుంది. కాబట్టి పెద్దాయన చేతి గడియారాన్ని ఓడ సమయానికి సరిచేసి పెట్టండి.

ఆ దంపతులు లేచేటప్పుడు ఆమె మళ్ళీ అడిగింది. "అయితే ఆగదంటారు?" "ఆగదమ్మా, మనమే ముందు రావాలి" అన్నాను. జూనోలో కారు, స్కాగ్‌వేలో ఓడవారి రైలు, మూడో ఊళ్ళో ఓపిక ఉంటే రేవు ఒడ్డున నడక, లేకపోతే ఓడలోనే విశ్రాంతి అని వారిద్దరూ నిర్ణయించుకొని వెళ్ళారు.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకు ఒక విన్నపం. తల్లిదండ్రులకు లోకం చూపించాలన్న మీ కోరిక గొప్పది. టూరు టికెట్టు కొనే ముందు ధరల పట్టికతో పాటు అమ్మానాన్నల మందుల చీటీని కూడా ఒకసారి ముందు పెట్టుకొని చదవండి.