లాప్‌టాప్ చేసే పనికి టాబ్లెట్ చాలునా?

రెండూ కొనగలవారికి ఈ ప్రశ్న కేవలం కాలక్షేపం. మన కళాశాల విద్యార్థులలో అధికసంఖ్యాకుల ఇండ్లలో ఒక్క పరికరం కొనడానికే తండ్రి చీటీ పాడుకొనవలసి వస్తుంది, లేదా తల్లి గాజులు తాకట్టుకు వెళ్లవలసి వస్తుంది. పాలకవర్గంవారు సైతం విద్యార్థుల నిమిత్తం ఏది కొనడం ఉచితమని యోచిస్తున్న తరుణమిది. కనుక నా అభిప్రాయాన్ని దాపరికం లేకుండా మనవి చేస్తున్నాను.

పుస్తకమంత కంప్యూటరును బాలబాలికల చేతికి ఇవ్వాలన్న ఊహ కొత్తది కాదు. 1972లోనే అలన్ కే అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 'డైనాబుక్' పేరిట దానిని వర్ణించాడు. ఆయన చిత్రించిన పలకలో తెరతోపాటు అక్షరాల మీటలు కూడ ఉన్నాయి. ఏమంటే, బాలుడు దానిపై చదివి ఊరుకొనరాదు, స్వయంగా వ్రాయాలి, ప్రోగ్రాములు కూర్చాలి అన్నది ఆయన ఆశయం. 2010లో ఆపిల్ సంస్థ ఐప్యాడ్‌ను వెలువరించేసరికి ఆ మీటలు తెరలోనికి వెళ్లిపోయినవి. మరుసటి సంవత్సరం అక్టోబరులో మన కేంద్ర ప్రభుత్వం ఆవిష్కరించిన 'ఆకాశ్' టాబ్లెట్ ఏడంగుళాల తెరతో, అతి స్వల్ప శక్తితో వచ్చింది. ధర చూచి దేశమంతా ఆశపడ్డది, వాడి చూచి నిరాశ చెందింది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదవ తరగతి పిల్లలకు టాబ్లెట్లు పంచింది. పాఠం చూచి, విని నేర్చుకొనే వయస్సుకు అది తగినదే. డిగ్రీ విద్యార్థి సంగతి వేరు.

టాబ్లెట్ సుగుణాలను కాదనడం అన్యాయం. చదువుటకు దానిని మించిన సాధనం లేదు. 2013లో ప్రారంభమైన 'రేఖ్తా'లోని ఉర్దూ గ్రంథాలను బస్సులో కూర్చొని చదువుకొనవచ్చు. రసాయనశాస్త్ర చిత్రాలను కలంతో గీయవచ్చు. కరెంటు పోయినా చాలసేపు పనిచేస్తుంది. 2020లో కళాశాలలు మూతబడినప్పుడు చేతిలోని చిన్న ఫోనులో పాఠాలు చూచి కళ్లు పాడుచేసుకొన్న మన విద్యార్థులకు దాని విలువ వేరే చెప్పనక్కర లేదు.

చిక్కు వ్రాతపని దగ్గర వస్తుంది. గాజుపలకపై నాలుగు పంక్తులు కొట్టవచ్చు. నలభై పుటల ప్రాజెక్టు నివేదిక కొట్టడం తపస్సు. పైగా తెరపై మీటలు తెరవగానే సగం కాగితం వాటి క్రింద మరుగునపడుతుంది. నోటితో చెప్పి వ్రాయించవచ్చునంటారు. సంధి కలిపి మాట్లాడే తెలుగువాని పలుకును ఆ యంత్రం విడగొట్టే తీరు చూస్తే వ్యాకరణం బోధించే నావంటి వానికి నవ్వు, దుఃఖం రెండూ కలుగుతాయి. విడిగా కీబోర్డు కొనవచ్చు, ఐప్యాడ్‌కు 2020 నుండి మౌసు కూడ చక్కగా అమరుతున్నది. కాని ఇవన్నీ కూడబెట్టేసరికి ఖర్చు సామాన్యమైన లాప్‌టాప్ దరిదాపులకు చేరుతుంది. మైక్రోసాఫ్ట్ వారి సర్ఫేస్ ప్రో వంటివి ఆకారంలో టాబ్లెట్లు, స్వభావంలో లాప్‌టాప్‌లు. వాటి ధర మనవంటివారికి అందనిది.

బి.కాం. విద్యార్థి నేర్వవలసిన టాలీ విండోస్ కంప్యూటరుకై నిర్మితమైనది. ఐప్యాడ్‌లోని ఎక్సెల్‌లో మాక్రోలు నడవవు. అంతకన్న దగ్గరి ఉదాహరణ మీ చేతిలో ఉన్న ఇటువంటి సంచికే. ఉర్దూ పుటలు కుడినుండి, తెలుగు పుటలు ఎడమనుండి సాగి నడుమ కలుసుకొనే ఈ రకపు పుస్తకాన్ని టాబ్లెట్‌పై కూర్చగలవారిని నేనింకా చూడలేదు. మీర్జా అహ్మద్ జమీల్ 1981లో రూపొందించిన నూరీ నస్తాలీఖ్ అక్షరాలు వేలాది జంటరూపాల కూర్పు. వాటితో పుటలు దిద్దే ఇన్‌పేజ్ 1994 నుండి కంప్యూటరునే ఆశ్రయించి ఉన్నది. తెలుగు డి.టి.పి. కేంద్రాలలో నేటికీ కనిపించే అను లిపులు, పేజ్‌మేకర్ కూడ అంతే. ఛత్తా బజారు ముద్రణాలయాలలోనో, మన వీధి చివరి డి.టి.పి. దుకాణంలోనో తొలి జీతం అందుకొనే మన విద్యార్థికి ఇవి అన్నం పెట్టే విద్యలు. టాబ్లెట్‌తో ఈ పని నేర్చుకొనే మార్గం లేదు.

అందుచేత ఒక్కటే కొనేవారు లాప్‌టాప్‌నే కొనాలని నా నిశ్చితాభిప్రాయం. ఇంటిలో మరొక కంప్యూటరు ఉండి, సాహిత్యం చదువుకొనే బి.ఏ. విద్యార్థి టాబ్లెట్ కొన్నా తప్పు లేదు. కొత్తది కొనలేనివారు సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటిచోట వాడిన లాప్‌టాప్ చూడవచ్చు. అయితే విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది గనుక, ఆ యంత్రంపై విండోస్ 11 నడుస్తుందో లేదో రూఢి చేసుకొన్న పిమ్మటే డబ్బు చెల్లించాలి.

పాలకవర్గంవారికి నా మనవి వేరు. అందరికీ తలా ఒక టాబ్లెట్ పంచితే సభ, ఫోటోలు ఘనంగా ఉంటాయి. దానికి బదులు అదే సొమ్ముతో కొనగలిగినన్ని లాప్‌టాప్‌లను గ్రంథాలయంలో ఉంచి, పుస్తకాలవలె గుర్తింపు కార్డుపై ఇంటికి ఇవ్వండి. సాయంత్రం నాలుగు దాటితే ప్రయోగశాలలో ఉండలేని విద్యార్థినులు మనకు చాలమంది ఉన్నారు. ఇంటిలో ఒక్క కంప్యూటరు ఉన్నా అది ముందు అన్నదమ్ముల చేతికే పోతుంది. ఇచ్చే వరుసలో ఆ అమ్మాయిల పేర్లు మొదట వ్రాయించండి.