మీటర్‌లో సున్నా చూసి దిగొద్దు

మణుగూరు, అశ్వాపురం చుట్టుపక్కల గూడేల తమ్ముళ్లు ఎంతోమంది కాంట్రాక్టు పనికి పోతున్నరు. కొందరు బొగ్గు గనులకు, కొందరు భారజల కర్మాగారానికి. మన సభల్లో పోడు పట్టాల గురించి, ఉద్యోగాల్లో వాటా గురించి మాట్లాడతాం. మాట్లాడాల్సిందే. కానీ ఆ ఉద్యోగంలోకి పోయినోడు సాయంత్రం గూడేనికి తిరిగి రావాలి కదా. అందుకే ఈసారి చొక్కాకు తగిలించుకునే చిన్న డబ్బా, గ్యాస్ డిటెక్టర్, గురించి చెప్తున్నాం.

మణుగూరులో భారజలం తీయడానికి వాడేది హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన కోడిగుడ్డు వాసన. "వాసనొస్తే ఉరికొస్తంలే" అంటరు మనోళ్లు. అడవిలో మన ముక్కును నమ్మొచ్చు, ఈ గ్యాస్ దగ్గర నమ్మలేం. పది లక్షల పాళ్ల గాలిలో ఇది 100 పాళ్లకు చేరితే కొద్ది నిమిషాల్లోనే వాసన తెలియకుండా పోతుంది. గ్యాస్ పోయిందనుకుంటాం, అది అక్కడే ఉంటది. బాగా పెరిగితే ఒకటి రెండు ఊపిర్లకే మనిషి కూలిపోతాడు. గాలి కన్నా బరువు కాబట్టి గుంటల్లో, ట్యాంకుల అడుగున నిలుస్తుంది. గనిలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కైతే అసలు వాసనే లేదు.

కాబట్టి మీటరే దిక్కు. అయితే దానిలో ఉండే సెన్సర్‌కు ఆయుష్షు ఉంది, చాలావాటికి రెండు మూడేళ్లు. దుమ్ము, తడి దాని నోరు మూసేస్తాయి. బ్యాటరీ అయిపోతే మీటర్ అరుస్తుంది. సెన్సర్ చచ్చిపోతే చాలాసార్లు ఏమీ అనదు. తెరమీద 0 చూపిస్తూనే ఉంటది. మంచి గాలికీ 0, చచ్చిన సెన్సర్‌కూ 0.

తేడా తెలియాలంటే నిజమైన గ్యాస్ పట్టి చూడాలి. దాన్నే బంప్ టెస్ట్ అంటారు. చిన్న సిలిండర్ నుంచి, బలం ముందే తెలిసిన గ్యాస్‌ను కొన్ని సెకన్లు వదులుతారు. అంకె పెరగాలి, లైటు వెలగాలి, మీటర్ మోగాలి, వణకాలి. ఇది ప్రతిరోజూ, షిఫ్టుకు ముందు జరగాలి. బటన్ నొక్కి "కుయ్" అనిపించి ఓకే అనేవాళ్లు ఉంటారు. ఆ బటన్ గంట బాగుందని చెప్తుంది, సెన్సర్ సంగతి చెప్పదు. అంకె సరిగ్గా చూపేలా సరిచేయడం కాలిబ్రేషన్. మీటర్ తయారుచేసినవాళ్లు చెప్పిన గడువు ప్రకారం, ఇంకా బంప్ టెస్ట్‌లో తప్పినప్పుడల్లా చేయాలి. సిలిండర్‌కూ గడువు తేదీ ఉంటుంది. స్టిక్కర్ ఇంగ్లీషులో ఉన్నా తేదీ అంకెలే కదా, చదువుకోండి. గోడకు బిగించిన డిటెక్టర్‌ను పెయింట్ వేసేటప్పుడు కవర్‌తో కప్పి వదిలేశారేమో కూడా చూడండి.

టెస్ట్‌కు పట్టేది ఒకటి రెండు నిమిషాలు. టైం లేదన్న సూపర్‌వైజర్ మాట ఒప్పుకోవద్దు.

ఇది లోపల పనిచేసేవాళ్ల సంగతే కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. జనం నిద్రలో ఉన్నారు, సైరన్ మోగలేదు. ప్రమాదకర రసాయనాల మీద 1989లో వచ్చిన కేంద్ర నిబంధనలు, ప్రమాదం జరిగితే దెబ్బతినే జనానికి ముందే సమాచారం ఇవ్వాలని చెప్తున్నాయి. మీ గూడేనికి ఎవరైనా వచ్చి చెప్పారా? సైరన్ ఎట్లా మోగుతుందో, మోగితే గాలికి ఏ వైపు నడవాలో అవ్వలకు తెలుసా? గ్రామసభలో తీర్మానం పెట్టండి: డిటెక్టర్లు, సైరన్లు పరీక్షించిన తేదీలు తెలుగులో, కోయలో మాకు చెప్పాలని.

పని దగ్గర ఒక్కడు అడిగితే రేపట్నుంచి రావద్దంటరు. అది మనకు తెలుసు. షిఫ్టులో పదిమంది కలిసి అడగండి. కళ్ల ముందు టెస్ట్ చేశాకే దిగుతామని చెప్పండి. మీటర్ నంబరు, తేదీ, చేసినవాళ్ల పేరు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, ఆ పుస్తకం ఇంటి దగ్గర పెట్టండి.