గేమ్ కన్సోల్ కొనే ముందు ఒక మాట

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ హాస్టళ్లల్లో ఉంటున్న మనోళ్లు కొందరు పైసలు జమచేసి గేమ్ కన్సోల్ కొంటామంటున్నరు. కొనండి, ఆట మనకూ కావాలె. కానీ ఏది?

చేతిలో పట్టుకొని ఆడే నింటెండో స్విచ్ హాస్టల్‌కు బాగానే ఉంటది, టీవీకి కూడా పెట్టొచ్చు. అయితే 2017లో వచ్చినప్పుడు అది మన దేశంలో అధికారికంగా విడుదల కాలేదు. దిగుమతి సరుకు పాడైతే వారంటీ ఎవరిస్తరు? పైగా ఒక్కరి చేతిలోనే ఉండిపోతది.

ప్లేస్టేషన్ 5కు టీవీ కావాలి. 2021లో ఇక్కడికి వచ్చినప్పుడే డిస్కు పట్టేది 49,990 రూపాయలు, డిస్కు లేనిది 39,990. ఆ పదివేలు మిగులుతయని ఆశపడొద్దు. డిస్కు అయితే ఒకరు ఆడినంక ఇంకొకరికి ఇయ్యొచ్చు, అమ్ముకోవచ్చు. తండాలో హాట్‌స్పాట్ పెట్టి గేమ్ మొత్తం దించుడంటే తెల్లారుతది.

అందుకే మేం నలుగురం కలిసి డిస్కుదే తీసుకొని, సెలవులకు తండాలో టీవీ ఉన్న ఇంట్లో పెడదామనుకుంటున్నం. ఫీజు రీయింబర్స్‌మెంట్ రానోళ్లు ఈసారికి కొనకండి, వచ్చి మాతోనే ఆడండి.