మార్కులు చూసి కాథలిక్ బడిని ఎంచుకోవద్దు

ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో పిల్లకి మూడేళ్లు నిండేసరికి ఇల్లు మారే మాట మొదలవుతుంది. కారణం బడి. రెడింగ్ అయినా, మిల్టన్ కీన్స్ అయినా, తూర్పు లండన్ అయినా అద్దె ఇల్లు వెతికేవాళ్లు ముందు ఆరా తీసేది దగ్గర్లో ఏ ప్రాథమిక పాఠశాల ఉందనే. ఆ ఆరాలో ఏదో ఒక కాథలిక్ బడి పేరు తప్పకుండా వినిపిస్తుంది. పేరు ముందు సెయింట్, ఇస్త్రీ నలగని యూనిఫాం, ఫలితాల పట్టికలో నూటికి తొంభై. దీనికి మన ఊళ్లలో కాన్వెంటు చదువు మీద తరాలుగా ఉన్న గౌరవం తోడవుతుంది. గుంటూరులోనో సికింద్రాబాద్‌లోనో సిస్టర్ల దగ్గర చదువుకున్న తల్లికి ఆ గేటు పరాయిదిగా తోచదు.

ఆ గౌరవం ఊరికే పుట్టింది కాదు. అయితే ఇంగ్లండ్‌లో బడిని ఎంచుకోవడానికి అది సరిపోదు, ఆ తొంభై అంకె అసలే సరిపోదు. అది ఆ బడిలోకి ఎవరి పిల్లలు వచ్చారో చాలావరకు చెబుతుంది. లోపల చదువు ఎలా చెబుతున్నారో చెప్పేది చాలా తక్కువ.

ముందు ఈ బడి స్వభావం తెలియాలి. ఇది ఫీజు కట్టే కాన్వెంటు కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో ఐర్లండ్ నుంచి వలస వచ్చిన నిరుపేద కాథలిక్కుల పిల్లల కోసం చర్చి బడులు పెట్టింది. వాటికి నిధులు సమకూర్చడానికి 1847లో ‘కాథలిక్ పూర్ స్కూల్ కమిటీ’ ఏర్పడింది. 1944 విద్యా చట్టం వాటిని ప్రభుత్వ వ్యవస్థలోకి తెచ్చింది. ఇవాళ ఇంగ్లండ్, వేల్స్‌లలో కాథలిక్ బడులు రెండు వేలకు పైనే ఉన్నాయి. వాటిలో సంప్రదాయ పద్ధతిలో నడిచేవి మన ఎయిడెడ్ బడుల లాంటివి. టీచర్ల జీతాలు, రోజువారీ ఖర్చు ప్రభుత్వానివి, భవనాల ఖర్చులో పదో వంతు బడి యాజమాన్యానిది. అందుకే కొన్ని బడులు బిల్డింగ్ ఫండ్ పేరిట చందా అడుగుతాయి. ఇవ్వడం, ఇవ్వకపోవడం మన ఇష్టం. దానికీ సీటుకూ ముడిపెట్టడం నిబంధనలకు విరుద్ధం. పిల్లకి గానీ తల్లిదండ్రులకు గానీ ఇంటర్వ్యూ పెట్టడమూ అంతే.

అసలు విషయం అడ్మిషన్ల దగ్గర ఉంది. మామూలు బడిలో సీటు ఎక్కువగా ఇంటి దూరాన్ని బట్టి వస్తుంది. కాథలిక్ బడి తన వరుస తానే నిర్ణయించుకుంటుంది. సీట్ల కన్నా దరఖాస్తులు ఎక్కువైతే ప్రభుత్వ సంరక్షణలో ఉన్న కాథలిక్ పిల్లలు మొదట, తర్వాత జ్ఞానస్నానం పొందిన కాథలిక్ పిల్లలు, ఆ తర్వాత ఇతర క్రైస్తవ సంఘాల వాళ్లు, ఇతర మతాల వాళ్లు, చివరికి మిగతావాళ్లు. చాలాచోట్ల కనిపించే వరుస ఇది. కొన్ని బడులు జ్ఞానస్నానం ధ్రువపత్రంతో సరిపెట్టుకుంటాయి. కొన్ని ఆ కుటుంబం క్రమం తప్పకుండా ఆదివారం పూజకు వస్తోందని విచారణ గురువు (పారిష్ ఫాదర్) సంతకం చేసిన పత్రం కూడా అడుగుతాయి. స్థానిక కౌన్సిల్‌కు పెట్టే దరఖాస్తు కాక బడికి విడిగా ఇంకో ఫారం నింపాలి. అది ఇవ్వకపోతే మీ పిల్ల వరుసలో అట్టడుగుకు పోతుంది.

ఈ జల్లెడ ఎవరిని పట్టి ఉంచుతుందో ఆలోచించండి. రెండు మూడేళ్ల ముందే బడి గురించి ఆలోచించిన ఇల్లు, వారం వారం తయారై ఒకచోటికి వెళ్లే ఇల్లు, రెండు ఫారాలు గడువులోగా నింపి సంతకం తెచ్చుకునే ఇల్లు. రాత్రి పడుకోబోయే ముందు పిల్లకి పుస్తకం చదివి వినిపించేవాళ్లు అలాంటి ఇళ్లలోనే ఎక్కువగా ఉంటారు. బడి చేసే మేలులో సగం గేటు దాటకముందే జరిగిపోయింది. స్టీఫెన్ గిబ్బన్స్, ఓల్మో సిల్వా అనే ఆర్థికశాస్త్రవేత్తలు ఇంగ్లండ్‌లోని మత పాఠశాలల మీద చేసిన అధ్యయనం 2011లో వెలువడింది. పదకొండేళ్ల నాటికి ఈ పిల్లలు చూపే ఆధిక్యం చాలా స్వల్పమనీ, అదీ బడి గొప్పతనం కన్నా ఆ బడిని ఎంచుకునే కుటుంబాల తేడా వల్లే వస్తోందనీ వాళ్లు తేల్చారు. 2016లో ఎడ్యుకేషన్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ నివేదిక కూడా పిల్లల నేపథ్యాన్ని లెక్కలోకి తీసుకుంటే తేడా దాదాపు మిగలదనే చెప్పింది.

కాథలిక్ వర్గాలు దీనికి ఇచ్చే జవాబు కొట్టిపారేయదగినది కాదు. తమ బడుల్లో పోలండ్, నైజీరియా, ఫిలిప్పీన్స్, కేరళ నుంచి వచ్చిన కార్మికుల, నర్సుల పిల్లలు పెద్దసంఖ్యలో ఉన్నారని, పేద పేటల్లోనూ బడులు నడుపుతున్నామని అంటారు. అది నిజమే. బర్మింగ్‌హామ్‌లో ముస్లిం పిల్లలే ఎక్కువగా ఉన్న కాథలిక్ ప్రాథమిక పాఠశాల కూడా ఉంది. సీట్లు మిగిలితే మతం కారణంగా ఏ పిల్లనూ కాదనే హక్కు వీటికి లేదు. లండన్ నడిబొడ్డున పిల్లల సంఖ్య తగ్గిపోతుండటంతో ఒకప్పుడు సీటు గగనమైన బడులు ఇప్పుడు అందర్నీ పిలుస్తున్నాయి. కాబట్టి ‘కాథలిక్ బడి’ అనే ఒక్క ముద్రతో ఏ నిర్ణయానికీ రాకూడదు. పేటలోని మిగతా బడుల్లో ఉచిత భోజనానికి అర్హులైన పిల్లలు నూటికి ఎందరు, ఈ బడిలో ఎందరు అన్న పోలిక ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. ఫలితాల కన్నా ముందు చూడవలసిన అంకె అది. పక్క వీధి బడిలో ముప్పై ఉండి ఇక్కడ ఎనిమిదే ఉంటే, ఆ రెండు బడుల ఫలితాలను పక్కపక్కన పెట్టడం అన్యాయం.

ఇక ఫలితాల సంగతి. ప్రాథమిక పాఠశాల చివరి తరగతి అయిన ఇయర్ సిక్స్ పిల్లలు మే నెలలో శాట్స్ అనే జాతీయ పరీక్షలు రాస్తారు. పఠనం, వ్యాకరణం, లెక్కలు పరీక్షలు. రచనను టీచర్లే మదింపు చేస్తారు. మార్కులను 80 నుంచి 120 దాకా ఉండే కొలబద్దలోకి మారుస్తారు, 100 వస్తే ఆశించిన స్థాయి అందుకున్నట్టు. పఠనం, రచన, లెక్కలు మూడింటిలోనూ ఆ స్థాయికి చేరినవాళ్లు 2019లో దేశం మొత్తం మీద నూటికి 65 మంది. కోవిడ్ తర్వాత 2022లో అది 59కి పడింది, 2024లో 61కి చేరింది. దీని పక్కన ఒక బడి తొంభై చూపిస్తే కళ్లు చెదరడం సహజం. కానీ ఒక్కో తరగతికి ఒకే సెక్షన్ ఉండే బడిలో ఇయర్ సిక్స్‌లో ఉండేది ముప్పై మంది. తొంభై శాతమంటే ఇరవై ఏడుగురు. మరుసటి ఏడు ఇంకో ముగ్గురు పిల్లలు వెనకబడితే అదే బడి ఎనభైకి దిగుతుంది. టీచర్లు మారలేదు, పాఠాలు మారలేదు. కనీసం మూడేళ్ల ఫలితాలు కలిపి చూడకుండా బడి ఎక్కిందనో దిగిందనో అనడంలో అర్థం లేదు.

ఒకప్పుడు దీనికి కొంత విరుగుడు ఉండేది. ఏడేళ్ల వయసులో ఎక్కడున్న పిల్ల పదకొండేళ్లకు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే ‘ప్రోగ్రెస్’ స్కోరును ప్రభుత్వం ప్రకటించేది. కోవిడ్ వల్ల 2020, 2021లలో ఏడేళ్ల పిల్లల పరీక్షలు జరగలేదు. దాంతో ఆ పిల్లలు ఇయర్ సిక్స్‌కు వచ్చిన 2024, 2025 సంవత్సరాలకు ప్రోగ్రెస్ లెక్క లేకుండా పోయింది. ఇప్పుడు నాలుగేళ్ల వయసులోనే చిన్న మదింపు చేస్తున్నారు. దాని ఆధారంగా వచ్చే లెక్కలు 2028లో మొదలవుతాయి. ఆ రెండేళ్ల ఫలితాల్లో తల్లిదండ్రుల చేతికి వచ్చింది చివరి అంకె ఒక్కటే, పిల్లలు ఎక్కడ మొదలుపెట్టారో తెలియదు. పలుకుబడి ఉన్న బడులకు అది బాగా కలిసొచ్చింది.

అందుకని చూపు తరగతిలో ముందున్నవాళ్ల మీద కాక వెనకున్నవాళ్ల మీద పెట్టాలి. పేద కుటుంబాల పిల్లల ఫలితాలను ప్రభుత్వం విడిగా ఇస్తుంది. 2024లో దేశవ్యాప్తంగా వాళ్లలో నూటికి 46 మందే మూడింటిలోనూ ఆశించిన స్థాయి చేరారు. మిగతా పిల్లల్లో అది 67. ఈ పిల్లల కోసం వచ్చే అదనపు నిధులను ఎలా ఖర్చుపెడుతున్నదీ ప్రతి బడీ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆ పత్రాన్ని చదవండి. బడి చూడటానికి వెళ్లినప్పుడు అక్కడి టీచర్లను రెండు విషయాలు అడగండి. అందరికన్నా వెనకబడ్డ పిల్లతో రోజూ పుస్తకం చదివించేది ఎవరు, అనుభవం ఉన్న టీచరా, గంటల లెక్కన వచ్చే సహాయకురాలా? జనవరి నుంచి మే దాకా ఇయర్ సిక్స్‌లో చరిత్ర, సైన్స్, బొమ్మలు, సంగీతం ఉంటాయా, పాత ప్రశ్నపత్రాలేనా? ఈ రెండో ప్రశ్నకు వచ్చే తడబాటు నాకు తొంభై కన్నా ఎక్కువ చెబుతుంది. పదకొండేళ్ల పిల్లతో అయిదు నెలలు మోడల్ పేపర్లు రాయిస్తే మార్కులు వస్తాయని మన కార్పొరేట్ కాలేజీల పుణ్యమా అని తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దాని ఖరీదు ఎంతో కూడా మనకు తెలుసు.

మన పిల్లల విషయంలో ఇంకొకటి చూడాలి. ఇయర్ వన్ చివర ఫోనిక్స్ పరీక్ష ఉంటుంది. పిల్ల నలభై మాటలు పైకి చదవాలి. అందులో ఇరవై అర్థం లేని కల్పిత మాటలు, పక్కన వింత జీవి బొమ్మ. కేవలం అక్షరాల ధ్వనిని కలిపి పలకగలదా లేదా అన్నదే పరీక్ష. ఇంట్లో గుణింతాలు వల్లించిన పిల్లకి ధ్వనులు కూర్చడం కొత్త కాదు, గట్టెక్కేస్తుంది. తల్లిదండ్రులు నిశ్చింతగా ఉంటారు. చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఇయర్ సిక్స్ పఠన పరీక్షలో గంటలో మూడు పాఠ్యభాగాలు చదివి రాయాలి. అక్కడ కావలసింది పదసంపద. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకి ఆ మధ్య అయిదేళ్లలో మాటల నిధి ఎలా పెంచుతారో చెప్పగలిగిన బడి మంచి బడి. దానికి ఇంట్లో తెలుగు మానేయమని సలహా ఇచ్చే బడికి మాత్రం దూరంగా ఉండండి.

విశ్వాసం సంగతి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. కాథలిక్ బడిలో మత బోధ ఒక పీరియడ్‌తో అయిపోయేది కాదు. పాఠాల సమయంలో కనీసం పదో వంతు దానికి ఇవ్వాలన్నది పీఠాధిపతుల నియమం. పొద్దున ప్రార్థన, భోజనానికి ముందు ప్రార్థన, పండుగలకు పూజ. ప్రభుత్వ తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ ఇన్‌స్పెక్టర్లు ఈ బడుల్లో మత బోధనను పరిశీలించరు. దానికి కాథలిక్ ఇన్‌స్పెక్టరేట్ విడిగా వస్తుంది, ఆ నివేదిక వేరే. ఆ బడిలో ఇతర మతాల పిల్లల్ని ఎలా చూస్తున్నారో కొంతైనా తెలిసేది అందులోనే. అయినా చాలామంది దాన్ని తెరిచి చూడరు. మత పాఠాల నుంచి, ప్రార్థనల నుంచి పిల్లను మినహాయించమని అడిగే హక్కు చట్టం ఇచ్చింది. ఆ హక్కు వాడుకోవాలని ముందే అనుకుంటున్న కుటుంబం ఈ బడికి వెళ్లకపోవడమే మంచిది. ఎందుకంటే ఇయర్ త్రీలో ప్రథమ దివ్యసత్ప్రసాదం (ఫస్ట్ కమ్యూనియన్) సమయం వస్తుంది. పక్క బెంచీ పిల్ల తెల్లగౌను కుట్టించుకుంటుంది, ఇంట్లో విందు, బంధువులు, ఫొటోలు. ‘నాకెప్పుడమ్మా?’ అని ఎనిమిదేళ్ల పిల్ల అడుగుతుంది. దానికి ఇంట్లో పెద్దలిద్దరూ ఒకే మాట చెప్పగలిగి ఉండాలి. మనం వేరే దేవుణ్ని పూజిస్తాం, వాళ్ల పండుగను గౌరవిస్తాం అని స్థిమితంగా చెప్పే హిందూ, ముస్లిం ఇళ్ల పిల్లలు ఈ బడుల్లో హాయిగా చదువుకుంటున్నారు.

సీటు కోసం జ్ఞానస్నానం ఇప్పించడం మాత్రం తప్పు. నమ్మకం లేకుండా పిల్ల తలమీద పోయించే నీళ్లు ఆ చర్చికీ అవమానమే, సొంత ఇంటికీ అవమానమే. నిజంగా పూజకు వెళ్తూ ఫారం సంగతి తెలియక వెనకబడిన కుటుంబం పిల్లకి అందాల్సిన సీటు కూడా అలాగే పోతుంది.

ఇలా వెనకబడేవాళ్లలో మనవాళ్లూ ఉంటారు. గుంటూరు, ఏలూరు, నల్లగొండ మేత్రాసనాల నుంచి వచ్చిన ఆర్‌.సి.ఎం. కుటుంబాలు జ్ఞానస్నానం పత్రాన్ని ఊళ్లో పెట్టెలో వదిలి వస్తాయి. వారం మార్చి వారం వేర్వేరు చర్చిలకు వెళ్తాయి. ఏ విచారణ గురువుకూ ముఖపరిచయం ఉండదు. సంతకం అడిగే రోజుకు ఆయన ఎలా రాస్తాడు? ఊరు మారిన వెంటనే స్థానిక విచారణలో (పారిష్‌లో) పేరు రాయించుకోవాలి. బాప్టిస్టు, పెంతెకొస్తు కుటుంబాలది ఇంకో చిక్కు. వాళ్లు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు కాబట్టి చూపించడానికి పత్రమే ఉండదు. చాలా బడులు పాస్టరు ఉత్తరాన్ని అంగీకరిస్తాయి, కానీ నిబంధన బడికో రకం. ఆ ఏటి అడ్మిషన్ పాలసీ చదవక తప్పదు.

గేటు మీది ఆఫ్‌స్టెడ్ బ్యానరును చూసి మోసపోవద్దు. 2012 నుంచి 2020 దాకా ‘అవుట్‌స్టాండింగ్’ బడులకు మామూలు తనిఖీల నుంచి మినహాయింపు ఉండేది, దాంతో కొన్ని బడులు పదేళ్లకు పైగా పాత కీర్తి మీదే నడిచాయి. ఆ ఒక్క మాట తీర్పును 2024 సెప్టెంబరులో తీసేశారు. 2025 నవంబరు నుంచి ఒక్కో అంశానికి విడిగా అంచనా ఇచ్చే రిపోర్టు కార్డులు వస్తున్నాయి. బ్యానరు మీద తేదీ చూడండి.

విశ్వాసం మీదైతే, లేదా ఆ విశ్వాసం మధ్య నిజాయితీగా మసలగలమనుకుంటే, వెనకబడ్డ పిల్ల గురించి అడిగినప్పుడు బడి సూటిగా జవాబిస్తే, ఫలితం డెబ్బై దగ్గరున్నా ఆ బడిని ఎంచుకోండి. కావలసింది తొంభై మాత్రమే అయితే, రాత్రిపూట పుస్తకం చదివి వినిపించే మీ ఇంటి పిల్ల వీధి చివరి మామూలు బడిలోనూ అంతే చదువుతుంది. దరఖాస్తు గడువు జనవరి 15, సీట్ల ప్రకటన ఏప్రిల్ 16. లండన్‌లో ఆరు బడుల పేర్లు రాయవచ్చు, మిగతాచోట్ల కనీసం మూడు. మీరు ఏ బడిని ఎన్నో స్థానంలో రాశారన్నది సీట్ల వరుసలో లెక్కలోకి రాదు. కాబట్టి కోరుకున్న బడిని పైన రాసి, సీటు వచ్చే అవకాశం ఉన్న దగ్గరి బడిని కింద తప్పకుండా రాయండి. ఒకే ఒక్క కాథలిక్ బడి పేరు రాసి ఊరుకున్న కుటుంబాలకు ఏప్రిల్‌లో కౌన్సిల్ ఖాళీ ఉన్న బడిలో సీటు ఇస్తుంది. అది ఇంటికి రెండు బస్సుల దూరంలో కూడా ఉండవచ్చు.